బ్రౌజర్ క్యాష్

ఒకసారి తెచ్చుకున్న వెబ్‌పేజీ, బొమ్మలు, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్ల నకళ్లను బ్రౌజరు మన కంప్యూటర్లోనో ఫోన్లోనో దాచుకునే చోటు బ్రౌజర్ క్యాష్. అదే చిరునామా మళ్లీ అడిగితే సర్వరు దాకా పోకుండా దాచినదే చూపిస్తుంది. పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా మిగులుతుంది. సైటు తయారుచేసేవారికి మాత్రం ఇదే తలనొప్పి: కోడ్ మార్చినా తెరమీద పాత రూపమే ఉంటుంది. ‘క్యాష్ క్లియర్ చెయ్యి’ అనే మాట బయటివారికి డబ్బుల సంగతిలా వినిపించడం మామూలే.

చిక్కు ఎక్కడంటే, బ్రౌజరు నకలును చిరునామాతో గుర్తుపెట్టుకుంటుంది. పేరు అదే ఉండి లోపలి సంగతి మారితే దానికి తెలియదు. కారంచేడునే తీసుకోండి. ఈ ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లాలోకి (తర్వాత దానికే ప్రకాశం అని పేరు వచ్చింది), 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, పేరు మారలేదు. ఒక సైటులో కారంచేడు పేజీని చివరిసారి మార్చి 300 రోజులైందనీ, దాన్ని ఎవరో ఏప్రిల్ 3న చూశారనీ అనుకుందాం. ఎంతకాలం దాచుకోవాలో సర్వరు చెప్పకపోతే బ్రౌజరు తనే అంచనా వేస్తుంది. పేజీ వయసులో పదో వంతు అన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 30 రోజులు. పాఠకుడు రీలోడ్ నొక్కకుండా వచ్చిపోతుంటే మే మొదటివారం దాకా అతని తెరమీద కారంచేడు ప్రకాశం జిల్లాలోనే ఉండిపోవచ్చు.

అంచనాకు వదిలేయకుండా సర్వరే చెప్పడానికి హెచ్‌టీటీపీలో హెడర్లున్నాయి. 1996 నాటి 1.0 కూర్పులో గడువు తేదీ చెప్పే ‘ఎక్స్‌పైర్స్’ ఉంది, 1997లో 1.1 కూర్పుతో ‘క్యాష్-కంట్రోల్’ వచ్చింది. ఇప్పటి నియమాలు 2022 జూన్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9111లో ఉన్నాయి. ‘క్యాష్-కంట్రోల్’లో రాసే మాటల్లో ‘నో-క్యాష్’కు ఆ పేరు పెట్టినవారు జనాన్ని బాగా తప్పుదారి పట్టించారు. దాని అర్థం దాచుకోవద్దని కాదు. దాచుకో, కానీ చూపే ముందు ప్రతిసారీ నన్నడుగు అని. అసలు దాచవద్దనేది ‘నో-స్టోర్’. అడిగేటప్పుడు బ్రౌజరు తన నకలు మీది ‘ఈట్యాగ్’ గుర్తును పంపుతుంది. ఏమీ మారకపోతే సర్వరు 304 అని చిన్న జవాబిచ్చి ఊరుకుంటుంది.

కాబట్టి పేరు మార్చలేని వాటికి ఒక దారి, మార్చగలిగిన వాటికి మరో దారి. కారంచేడు పేజీ చిరునామా స్థిరంగా ఉండాలి, దానికి ‘నో-క్యాష్’ తగును. స్టైల్ ఫైలు పేరు పాఠకుడికి పట్టదు. లోపలి సరుకును బట్టి పుట్టే అంకెలు, అక్షరాలు పేరులో చేర్చి, ఏడాదిపాటు, అంటే 3,15,36,000 సెకన్లు దాచుకోమనవచ్చు. ఫైలు మారితే పేరూ మారుతుంది, బ్రౌజరు కొత్తది తెచ్చుకోక తప్పదు. తెలుగు ఫాంట్లకూ ఇదే మేలు. ఎందుకంటే గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర వంటివి ఒక సైటు కోసం దిగితే మరో సైటుకూ పనికొచ్చే రోజులు పోయాయి. 2020లో క్రోమ్, 2021లో ఫైర్‌ఫాక్స్ ఏ సైటు క్యాష్ దానికే విడగొట్టాయి.

పని చేస్తున్నంతసేపు డెవలపర్ టూల్స్‌లోని ‘డిజేబుల్ క్యాష్’ గడి చాలు, అయితే టూల్స్ తెరిచి ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. లేదా కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కాలి. ఇవి మన బ్రౌజరుకే; పాఠకుల దగ్గరున్న నకళ్లను ఏమీ చేయవు.

బ్రౌజరుదే కాక, సర్వర్ల దగ్గరా వేరే క్యాష్ ఉంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మూసను (టెంప్లేట్) మారిస్తే, దాన్ని వాడే పేజీలన్నీ వెంటనే మారవు. ఆ పని వరుసలో చేరి నెమ్మదిగా సాగుతుంది. చిరునామా చివర ‘యాక్షన్=పర్జ్’ చేరిస్తే ఆ పేజీకి సర్వరు దాచుకున్న నకలు పోతుంది, మన కంప్యూటర్లోది పోదు.

ఎక్కడైనా కారంచేడు ఇంకా ప్రకాశం జిల్లాలో ఉన్నట్టు కనిపిస్తే ముందు కంట్రోల్, ఎఫ్5 నొక్కి చూడండి. అప్పటికీ మారకపోతే పాతబడింది మన బ్రౌజరు క్యాష్ కాదు, సర్వరు దాచుకున్న నకలో, ఆ పేజీయో.