గాదంకి రాడార్‌, మైక్రోసెకను లెక్క

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో కూర్చున్నవాళ్ల చూపు చంద్రగిరి రాగానే కోట వైపు తిరుగుతుంది. రాజమహల్‌ ఉన్న ఊరు, 1639లో ఇంగ్లిషు కంపెనీకి మద్రాసు స్థలం దక్కిన కథతో ముడిపడ్డ ఊరు కాబట్టి తిరగాల్సిందే. అదే దారిలో ఇంకాస్త ముందుకు పోతే గాదంకి వస్తుంది. చాలామందికి అది టోల్‌ప్లాజా పేరుగానే తెలుసు. ఆ పక్కనే కొండల నడుమ నాలుగెకరాల పైచిలుకు నేలలో 1024 యాంటెన్నాలు బారులు తీరి ఉన్నాయి. 1990ల తొలి ఏళ్ల నుంచి మన నెత్తిమీది గాలి ఎటు కదులుతోందో, ఎంత వేగంతో కదులుతోందో అవి చెబుతూనే ఉన్నాయి.

దాని పేరు ఎంఎస్‌టీ (మీసోస్ఫియర్‌-స్ట్రాటోస్ఫియర్‌-ట్రోపోస్ఫియర్‌) రాడార్‌. ముంబయిలోని సమీర్‌ సంస్థ ఇంజినీర్లు దీన్ని రూపొందించారు. విమానాన్నో ఓడనో పట్టుకునే రాడార్‌ కాదిది. మబ్బు లేని ఖాళీ గాలి నుంచే ప్రతిధ్వని రాబడుతుంది. గాలిలో సుడులు తిరిగే చోట రేడియో తరంగం రవ్వంత వెనక్కి చెదురుతుంది. ఆ రవ్వంతను పట్టుకుని పై వాతావరణాన్ని చదవవచ్చని 1974లో పెరూ దేశంలోని హికమార్కా రాడార్‌తో వుడ్‌మన్‌, గియెన్‌ చూపించారు. జపాన్‌లో షిగరాకి రాడార్‌ 1980ల్లో వచ్చింది. ఆ తర్వాత మన వంతు. భూమధ్యరేఖకు 13.5 డిగ్రీల ఉత్తరాన ఉన్న గాదంకి ఉష్ణమండల ఆకాశాన్ని గమనించడానికి అనువైన చోటు. చుట్టూ ఉన్న కొండలు దూరపు అడ్డంకుల నుంచి వచ్చే అనవసర ప్రతిధ్వనులను ఆపుతాయి.

ఈ రాడార్‌ గురించి రాసినవాళ్లంతా యాంటెన్నాల వరసలనూ, 53 మెగాహెర్ట్‌జ్‌లో 2.5 మెగావాట్ల గరిష్ఠ శక్తితో కొట్టిన 32 ట్రాన్స్‌మిటర్లనూ పొగుడుతారు. న్యాయమే. కానీ పంపడం ఒక ఎత్తు, తిరిగొచ్చినదాన్ని చెడగొట్టకుండా అందుకోవడం మరో ఎత్తు. పి.బి. రావు, ఆయన సహచరులు 1995లో ‘రేడియో సైన్స్‌’ పత్రికలో ఇచ్చిన వివరాల్లో రిసీవర్‌ లెక్కలు ఉన్నాయి. మొత్తం లాభం 120 డెసిబెల్స్‌, అంటే వోల్టేజీ పరంగా పది లక్షల రెట్లు. బ్యాండ్‌విడ్త్‌ 1.7 మెగాహెర్ట్‌జ్‌. రిసీవర్‌ నుంచి బయటికొచ్చే సంకేతాలు ప్లస్‌ 5, మైనస్‌ 5 వోల్టుల మధ్యే ఉండి, 12 బిట్ల డిజిటల్‌ అంకెలుగా మారేవి.

సంకేతాన్ని పెంచే చిప్పు ఆప్‌-యాంప్‌ (ఆపరేషనల్‌ యాంప్లిఫయర్‌). అది వేగవంతమైనదైతే దాని విలువ తెలిసేది ఇక్కడే. రాడార్‌కు కాలమే ఎత్తు. ఒక మైక్రోసెకనులో తరంగం 150 మీటర్లు పైకి పోయి తిరిగొస్తుంది. మన ఇంజినీరింగ్‌ కాలేజీ ల్యాబుల్లో అందరికీ పరిచయమైన 741 చిప్పును తీసుకోండి. 1968లో ఫెయిర్‌చైల్డ్‌లో డేవ్‌ ఫుల్లగార్‌ రూపొందించాడు. గట్టి పిండం, ఎవరి చేతిలోనైనా నిలబడుతుంది. కానీ దాని అవుట్‌పుట్‌ మైక్రోసెకనుకు అర వోల్టు మాత్రమే కదలగలదు. 5 వోల్టులు ఎక్కడానికి పది మైక్రోసెకన్లు పడుతుంది. ఆలోపు రాడార్‌ ఒకటిన్నర కిలోమీటరు ఎత్తును దాటేస్తుంది. రెండు గాలి పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఏది ఏదో తెలియదు. 1970ల తొలి ఏళ్లలో నేషనల్‌ సెమీకండక్టర్‌ తెచ్చిన ఎల్‌ఎం318 మైక్రోసెకనుకు కనీసం 50 వోల్టుల వేగంతో కదులుతుంది. అదే 5 వోల్టులు 0.1 మైక్రోసెకనులో, అంటే 15 మీటర్ల ఎత్తు తేడాలో ముగిసిపోతాయి. 1980ల్లో కామ్‌లీనియర్‌ సంస్థ కరెంట్‌ ఫీడ్‌బ్యాక్‌ పద్ధతితో ఈ వేగాన్ని వందల వోల్టులకు తీసుకెళ్లింది.

ఆప్‌-యాంప్‌కూ రాడార్‌కూ చుట్టరికం పుట్టుకతోనే ఉంది. 1941లో బెల్‌ ల్యాబ్స్‌లో కార్ల్‌ స్వార్ట్‌జెల్‌ వాక్యూమ్‌ ట్యూబులతో చేసిన యాంప్లిఫయర్‌, రాడార్‌ చెప్పిన చోటికి ఫిరంగిని గురిపెట్టే ఎం9 యంత్రంలో పనిచేసింది. 1944లో ఇంగ్లండు మీదికి వచ్చిన జర్మన్‌ వీ-1 బాంబులను కూల్చడంలో అది సాయపడింది.

వేగమొక్కటే ఉంటే సరిపోదు, ఆ వేగాన్ని అదుపులో ఉంచాలి. వేగవంతమైన చిప్పును బ్రెడ్‌బోర్డులో గుచ్చితే చాలాసార్లు ఇన్‌పుట్‌ ఏమీ ఇవ్వకుండానే తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది. ఆ రంధ్రాల వరసల మధ్య ఉండే కొద్దిపాటి పికోఫారడ్ల కెపాసిటెన్స్‌ చాలు, ఫీడ్‌బ్యాక్‌ను ఆలస్యం చేసి దాన్ని ఆసిలేటర్‌గా మార్చడానికి. అందుకే పని తెలిసినవాళ్లు రాగిరేకు బోర్డు వాడతారు. కింద గ్రౌండ్‌ ప్లేన్‌ పరుస్తారు, మైనస్‌ ఇన్‌పుట్‌ పిన్‌ చుట్టూ మాత్రం ఆ రాగిని తీసేస్తారు. సప్లయ్‌ పిన్నుకు ఆనుకునేలా 0.1 మైక్రోఫారడ్‌ సిరామిక్‌ కెపాసిటర్‌ పెడతారు. దాని కాలు ఒక అంగుళం పొడవు మిగిల్చినా ఆ తీగ ఇండక్టెన్స్‌ వల్ల కెపాసిటర్‌ పెట్టిన ఫలం సగం పోతుంది. అవుట్‌పుట్‌ పొడవాటి కేబుల్‌లోకి పోవాలంటే వరసలో చిన్న రెసిస్టర్‌ వేస్తారు. ఇంత చేశాకే, ఎక్కిన వోల్టేజీ ఊగిసలాట లేకుండా స్థిరపడుతుంది. పది వోల్టుల పరిధిలో 12 బిట్లంటే ఒక్కో మెట్టు సుమారు 2.4 మిల్లీవోల్టులే. అంతలోపు స్థిరపడితేనే ఆ అంకెకు విలువ.

2005లో గాదంకి కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా, నార్ల్‌గా పేరు మార్చుకుంది. ట్యూబు ట్రాన్స్‌మిటర్ల స్థానంలో ఒక్కో యాంటెన్నాకు ఒక్కో కిలోవాట్‌ సాలిడ్‌ స్టేట్‌ మాడ్యూల్‌ వచ్చింది. డిజిటల్‌ రిసీవర్లు వచ్చి అనలాగ్‌ పని తగ్గింది. అయినా సంకేతాన్ని అంకెగా మార్చే కన్వర్టర్ల ముంగిట వేగవంతమైన యాంప్లిఫయర్‌కు ఈనాటికీ పని ఉంది. అంకెలు మొదలయ్యే చోటి దాకా ప్రపంచమంతా అనలాగే.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇన్ని ఇంజినీరింగ్‌ కాలేజీలున్నాయి. ల్యాబుల్లో 741తోనే ఆగిపోకండి. దాని పక్కన ఎల్‌ఎం318 ఒకటి రాగిబోర్డు మీద కట్టించండి. రెంటికీ ఒకే స్క్వేర్‌ వేవ్‌ ఇచ్చి ఆసిలోస్కోపులో చూపించండి. ఒకటి ఏటవాలుగా పాకుతుంది, మరొకటి నిటారుగా లేస్తుంది. ఆ తేడా కళ్లారా చూసిన పిల్లలను గాదంకికి తీసుకెళ్లండి.