బలపము, పెన్సిలు: నందికొట్కూరు సీమ వ్రాతసాధనములపై ఒక పరిశీలన

పెన్సిలు అన్యదేశ్యమైనను నేడు తెలుగున ఎవరికిని అట్లు తోచదు. నందికొట్కూరున బడికేగు బాలుడును, దానిని చెవిసందున దోపుకొను వడ్రంగియు, గోడమీద గుఱుతులు పెట్టు తాపీపనివాడును ఆ మాటను ఒక్కతీరుగనే పలుకుదురు. హలంతమైన ఇంగ్లీషు పదము ఉకారాంతమై, పెన్సిళ్లు, పెన్సిలుతో అని తెలుగు ప్రత్యయములను స్వీకరించినది. అయినను ఆ మాట ప్రవేశించిన స్థానము అంతకుముందు శూన్యముగా లేదు. అచ్చట బలపము కలదు. ఈ రెండు మాటలును అర్థమును పంచుకొనిన విధమును, ఆ పంపకమున బలపము కోల్పోయిన స్థానమును ఈ వ్యాసమున పరిశీలింతము.

ఇంగ్లీషున పెన్, పెన్సిల్ అను పదములు చూచుటకు తోబుట్టువులవలె నున్నను, వాని పుట్టుక వేఱు. మొదటిది ఈకను తెలుపు లాటిను పదమునుండియు, రెండవది చిన్నతోకను, దానినిబట్టి కుంచెను తెలుపు లాటిను పదమునుండియు కలిగినవి. కావున పెన్సిలనగా తొలుత చిత్రకారుని కుంచెయే. పదునాఱవ శతాబ్దమున ఇంగ్లండులోని బారోడేలు కొండలలో నల్లనిఖనిజము దొరకిన పిమ్మట ఆ పేరు దానితో చేసిన కడ్డీకి సంక్రమించినది. దానిని జనులు సీసమని భ్రమించిరి. అది కర్బనరూపమని 1779లో షీలే నిరూపించెను. 1795లో కోంటే దాని పొడిని బంకమట్టితో కలిపి కాల్చు పద్ధతిని కనుగొనెను. వస్తుతత్త్వము తెలిసినను సీసమను పేరు ఇంగ్లీషు వాడుకలో నేటికిని నిలిచియున్నది.

ఇంగ్లీషువారు పలకమీద వ్రాయు రాతికడ్డీని సయితము పెన్సిలనియే అందురు. తెలుగువారు అట్లు చేయలేదు. కఱ్ఱతొడుగు కలదానికి మాత్రమే క్రొత్త పేరిచ్చి, రాతికడ్డీకి పాతపేరునే నిలుపుకొనిరి. క్రియాపదములును వేఱుగనే నిలిచినవి: పెన్సిలును చెక్కుదురు, బలపమును అరగదీయుదురు. పలకా బలపము పట్టుట యనగా చదువు ప్రారంభించుట. కాలికి బలపము కట్టుకొని తిరుగుట యనగా విరామము లేక ఊరూరు తిరుగుట. పెన్సిలునకు తెలుగున ఇట్టి పలుకుబడి ఏర్పడలేదు.

పాతపేరు నిలుచుటకు భూమియు తోడ్పడినది. బలపపురాయి బేతంచెర్ల ప్రాంతమున లభించును. పలకలకు ప్రసిద్ధి చెందిన మార్కాపురము, 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువఱకు, కర్నూలు జిల్లాలోనిదే. నల్లమలకు పడమట నున్న నందికొట్కూరు సీమకు పలకయు బలపమును ఒకే జిల్లాలోని సరకులు. 2022 నుండి నందికొట్కూరు, బేతంచెర్ల రెండును నంద్యాల జిల్లాకు చెందినవి.

అయితే బలపము ఆదినుండియు బాలుర వస్తువు కాదు. కన్నడదేశమునను, దానికి ఆనుకొనిన తెలుగుసీమలలోను కడితమను వ్రాతపట్టు వాడుకలో నుండెను. నూలుగుడ్డకు చింతగింజల అంబలిలో బొగ్గుపొడి కలిపి పూసి, ఆరబెట్టి, మడతలు మడతలుగా చేసినదే కడితము. దానిపై తెల్లని యక్షరములు వ్రాయు సాధనము బలపము. మైసూరున రెసిడెంటుగా పనిచేసిన మార్కు విల్క్సు 1810లో ప్రకటించిన దక్షిణదేశ చరిత్రలో ఈ కడితమును వర్ణించి, బలపమును పేరుతోనే పేర్కొని, దానిని పెన్సిలని వివరించెను. ఆ వర్ణనలో పెన్సిలు పట్టినవాడు బాలుడు కాడు. లెక్కలు వ్రాయు వర్తకుడు.

నాటి సాధనములను పోల్చి చూచిన వాని విభాగము స్పష్టమగును. గంటము తాటాకుపై గీయును. ఆ గీత చెఱగదు. కలము కాగితముపై సిరాతో వ్రాయును. ఈ పదము అరబ్బీనుండి పారసీద్వారా మనకు వచ్చినది. దాని మూలము రెల్లును తెలుపు గ్రీకు పదము. బలపము వ్రాసినది తడిగుడ్డతో చెఱగును. ఆ చోటనే మరల వ్రాయవచ్చును. శాశ్వతమైన దానికి గంటము, ప్రభుత్వపత్రమునకు కలము, నడచుచున్న లెక్కకు బలపము తగియుండెను.

దత్తమండలములు 1800లో కుంపిణీ వశమైనవి. నందికొట్కూరు మాత్రము కర్నూలు నవాబుల యేలుబడిలో నుండి, 1839లో గులాం రసూల్ ఖాను పదచ్యుతుడైన పిమ్మట కుంపిణీ పాలనలో చేరినది. క్రొత్త కచ్చేరీలకు కాగితమును సిరాయు ప్రమాణములైనవి. చెఱపదగిన వ్రాతకు అచ్చట గౌరవము లేదు. బలపము లెక్కలనుండి తొలగి బడిపలకపై నిలిచినది. పలకను బొగ్గుతోను ఆకుపసరుతోను రుద్ది నలుపుచేయు బాలురకు తెలియకయే కడితపు పద్ధతి కొంత నిలిచినది.

ఈ మార్పును కేవలము సాధనముల మార్పుగా భావింపరాదు. వర్షాధారమైన ఈ సీమలో రైతు విత్తునకును తిండికిని అప్పుచేయక తప్పని సంవత్సరములు పెక్కు. అట్టి అప్పు చెఱపదగిన లెక్కలో నున్నచో, తీఱిన నాడు దానిని తుడిచివేయుట సులభము. తీఱకున్నను అంకె మార్చుట అంతే సులభము. చదువురాని రైతునకు బలపము పట్టిన చేతిమీద నమ్మకమే ఆధారము. సిరావ్రాత ఆ మోసమును కొంత యరికట్టినను, వేలిముద్ర వేసిన పత్రమును చెఱగని సాక్ష్యముగా న్యాయస్థానమునకు చేర్చినది. ఏ వ్రాత ఎవరికి రక్షయో సాధనమునుబట్టి మాత్రమే తేల్చుట తగదు.

పరిశోధకులు గమనింపవలసినది మఱియొకటి కలదు. మెకంజీ సేకరించిన కైఫీయతులకు గ్రామకరణముల తాటాకు కవిలెలు ఆధారములైనవి. కడపలో సి. పి. బ్రౌను లేఖకులను నియమించి తాళపత్రగ్రంథములకు కాగితపు ప్రతులు వ్రాయించెను. ఇవి నిలిచినవి. చెఱపి మరల వ్రాసిన దినదినపు లెక్కలు సహజముగనే నశించినవి. కావున దేవాలయదానములను గూర్చి మనకు తెలిసినంతగా ఒక రైతు ఏడాది యప్పును గూర్చి తెలియదు. ఈ కొఱతకు బీదల జీవితము వ్రాతకెక్కకపోవుట కారణమని తలచుట సరికాదు; వ్రాసినదానిని చెఱపుట ఆ పద్ధతిలోనే కలదు. పాత లెక్కలలో బలపము మాట కనబడినప్పుడు దానిని బడిపిల్లల వస్తువని త్రోసివేయక, పెద్దల చేతిలోని వ్యవహారసాధనముగా గ్రహించి చదువవలెను. పాతయిండ్ల పెట్టెలలో నల్లని గుడ్డమడత దొరకినచో, దుమ్ము దులుపుటకు ముందే దానిని పరీక్షింపవలెను. తుడిచినచో వ్రాతయు పోవును.