పిన్నమ్మలు లేని పులి

2023 మార్చి 6. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం, పెద్ద గుమ్మడాపురం. ఊరి శివారులో చారల ఒంటితో నాలుగు కూనలు. పిల్లి పిల్లలు కావు, పెద్దపులి పిల్లలు! ఊరకుక్కలు చూస్తే వాటిని బతకనివ్వవు. తల్లి చూస్తే మనుషుల్ని బతకనివ్వదు. అయినా ఊరివాళ్లు వాటిని ఓ గదిలోకి చేర్చి, అటవీశాఖకు కబురు పెట్టారు.

నాలుగూ ఆడవే. తల్లి టీ-108 అని అధికారులు గుర్తించారు. ఆకలికి అరుస్తున్న కూనలకు పాలు పట్టారు. ఇక వెతుకులాట. పాదముద్రల కోసం దారులు గాలించారు, అడవిలో కెమెరాలు పెట్టారు. తల్లి జాడ ఉందనుకున్న చోటికి రాత్రిపూట కూనల్ని తీసుకెళ్లి కాపు కాశారు. చీకట్లో ఆకు కదిలితే చెవులన్నీ అటే. ఆమె రాలేదు.

తల్లి కోసమే ఎందుకంత పట్టుదల? పులి ఇంట్లో ఆమె తప్ప మరొకరు లేరు గనక.

ఈ కూనలు దొరికిన ఊరి పక్కనున్న నల్లమల అడవే దక్షిణానికి సాగి ఆళ్లగడ్డ పక్కన అహోబిలం కొండలవుతుంది. అక్కడ వెలసినవాడు సింహముఖుడు. ఇవీ సింహం కూనలే అయితే కథ వేరేగా ఉండేది. మందలోని ఆడసింహాలు చాలావరకు అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు. ఒకదాని పిల్లలకు మరొకటి పాలిస్తుంది. బయళ్లలో పడగొట్టిన పెద్ద జంతువు పదింటికి సరిపోతుంది, పరాయి మగసింహాల నుంచి పిల్లల్ని కాచుకోవడానికీ గుంపు పనికొస్తుంది.

పొదల అడవిలో లెక్క మారుతుంది. దుప్పి, అడవిపంది చెదిరి తిరుగుతాయి. పొంచి దూకే వేటకు పక్కన తోడుంటే సాయం కాదు, చప్పుడు. ఒంటరిగా వేటాడినవాటికే కడుపు నిండింది, వాటి పిల్లలే ఎక్కువగా మిగిలాయి. తరాల తరబడి జరిగిన ఆ ఏరివేతలో ఒంటరితనమే పులి స్వభావమైంది. పెంపకం భారం తల్లిదే. కొత్తగా వచ్చిన మగపులి పాతదాని పిల్లల్ని చంపేస్తే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది. అందుకే ఆమె కూనల్ని నోట కరుచుకుని చోట్లు మారుస్తూ దాస్తుంది. ఆమె దూరమైతే ఇంకో ఆసరా లేదు.

నాలుగైదు రోజుల్లోనే కూనలు తిరుపతి శ్రీవేంకటేశ్వర జూకు చేరాయి. అడవిలో ఉంటే దాదాపు రెండేళ్లు తల్లి వెంట తిరిగి వేట నేర్చేవి. పాలు పట్టేవరకు మనుషులు పిన్నమ్మలు కాగలిగారు. వేట నేర్పడం మాత్రం వాళ్ల చేతిలో లేదు.