రాయపోల్ చెలకల్లో తంగేడు

సిద్దిపేట జిల్లా రాయపోల్ చుట్టూ ఎర్రచెలకలు, రాతిగుట్టలు, మధ్యలో బీళ్లు. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలో ఉన్న ఈ మెట్ట ఎడారి కాదు. కానీ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది, మిగతా కాలం నేల ఎండుతుంది. ఇలాంటి చోట చెట్టు కంటే పొదదే పైచేయి. రేగు, పరికి, బలుసు, సీతాఫలం కలిసి పెరిగే బీళ్లలో వానాకాలం చివర పసుప్పచ్చగా పూసేది తంగేడు.

తంగేడు గింజ పెంకు గట్టిది. గింజలన్నీ ఒకే వానకు మొలవవు. మొలిచినవాటిలోనూ చాలా భాగం తొలి ఎండాకాలం దాటవు. వేరు లోతుకు దిగిన మొక్కకు మాత్రం అంత సులువుగా చావు రాదు. పొదల లెక్కను మార్చేది వాన ఒక్కటే కాదు, మేక కూడా. మేకలు రేగును కొరికి కురచ చేస్తాయి, దాని పండ్లు తిని గింజలను ఊరంతా చల్లేదీ అవే. తంగేడును ముట్టవు. సీతాఫలం ఆకు జోలికీ పోవు. అమెరికా ఖండం నుంచి వచ్చిన సీతాఫలం తెలంగాణ గుట్టల మీద సొంతిల్లులా స్థిరపడటంలో మేకల వంతు తక్కువేం కాదు.

మేక వదిలేసిన తంగేడును మనిషి వదల్లేదు. దాని చెక్కలో తోలును పదును చేసే టానిన్ దాదాపు 18 శాతం ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో మాదిగలు తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక తీసి, లందలనే తొట్లలో తంగేడు చెక్కతో పదును చేసేవారు. చెప్పులకూ, బావుల నుంచి నీళ్లు తోడే మోట తొండాలకూ ఆ తోలే ఆధారం. అంటే మోట కింద పండిన వరి తంగేడు చెక్కకు బాకీ ఉంది. కొమ్మలు నరికి చెక్క ఒలిచినా మొదలు నేలలోనే ఉండేది, మళ్లీ వానలకు చిగిర్చేది. కోత వల్ల పొద ముదరకుండా ఉండేదే తప్ప పొదల సంఖ్య పడిపోయేది కాదు.

20వ శతాబ్దంలో క్రోమ్‌తో తోలు పదును చేసే పద్ధతి, దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క వచ్చి తంగేడు గిరాకీని తగ్గించాయి. కరెంటు మోటారు మోటనే మాన్పించింది. గొడ్డలి ఆగింది కదా, తంగేడు పెరగాలి. జరిగింది వేరు. బోరు నీళ్లు, ట్రాక్టరు కలిసి బీళ్లను పత్తి, మొక్కజొన్న చేలుగా మార్చాయి. గొడ్డలి వదిలిన వేరును నాగలి పెళ్లగించింది. పడావు పడ్డ చోట్ల సర్కారు తుమ్మ పోటీకి దిగింది. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటిన ఈ విదేశీ చెట్టు కాయలను మేకలు ఇష్టంగా తింటాయి, అరగని గింజలను చల్లుతాయి.

2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు ఇప్పుడు ఎక్కువగా గెట్ల మీద, రోడ్ల పక్కన, దున్నలేని గుట్ట అంచుల్లో కనిపిస్తుంది. బతుకమ్మకు పూలు కోస్తే ఆ ఏటి కాయ కొంత తగ్గుతుంది, పొద మాత్రం నిలుస్తుంది. గెట్టును కూడా చదును చేస్తే ఆ పొదతో పాటు తర్వాతి తరానికి గింజ ఇచ్చే మొదలూ పోతుంది.