వెన్నెముక లేని రత్నాలు

సాయంత్రపు రద్దీలో గుల్జార్ హౌజ్ దాటి పత్తర్‌గట్టి వైపు నడుస్తున్నారు మీరు. ఆటోల హారన్లు, అత్తరు ఘాటు. రాతి కమానుల కింద ఓ ముత్యాల దుకాణంలో చెప్పులు విడిచి కూర్చోగానే సేటు తెల్లగుడ్డ మీద పగడాలు గుమ్మరించి భూతద్దం చేతికిస్తాడు. మంగళసూత్రంలో గుచ్చుకునే పూసలే.

అద్దం కింద చూస్తే అంత నున్నగా లేవు. పొడుగునా వెంట్రుకవాసి గీతలు కనిపిస్తున్నాయి. అసలుదైతే ఇది మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం, అంటే ఓ జంతువుల కాలనీ అస్థిపంజరం. బతికున్నప్పుడు ఈ ఎర్రకొమ్మ నిండా తెల్లటి పాలిప్‌లు విచ్చుకునేవి. ఒక్కోదానికి ఎనిమిది చేతులు, నీళ్లలో కొట్టుకొచ్చే నలుసుల్ని పట్టి తినడానికి. కొమ్మ ఏడాదికి ఒక్క మిల్లీమీటరు మందం కూడా పెరగదు. ఆ పాలిప్‌లను చూసి యూరప్ పండితులు పూలనుకున్నారు. 1720లలో పెసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు, కాదు, జంతువులేనన్నా చాలాకాలం ఎవరూ నమ్మలేదు. జాతకంలో కుజుడి కోసం పగడం పెట్టుకునేవాళ్లలో ఎందరికి తెలుసో మరి!

ఇది దిబ్బలు కట్టే పగడం కాదు. ఆ పని చేసేవి వేరే జాతులు. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండతో తిండి వండిపెడితే, అవి సున్నం పేర్చుకుంటూ పోతాయి. ఆ కట్టడం సందుల్లో పీతలు, స్పాంజీలు, సముద్రపు ముళ్లకాయలు, నక్షత్రాలు, గవ్వపురుగులు కిక్కిరిసి ఉంటాయి. లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్ తీరాల్లో ఉన్న ఈ దిబ్బపగడాలను 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, పులి ఉన్న పట్టికలోనే. ఈ బజారులో వాటికి ధర పలకకూడదు.

సేటు ఈలోగా ముత్యాల దండ తీశాడు. “జర పండ్లకు రాసి చూడుండ్రి అమ్మా. గరుకు తాకుతది. నకిలీదైతే జారుతది.”

రాశారు. నిజమే, ఇసుక తగిలినట్టు ఉంది. ఆల్చిప్ప తన మెత్తటి ఒంట్లో ఇరుక్కున్నదాన్ని పొరలు పొరలుగా కప్పేస్తే తయారయ్యేది ఇదే. ఒకప్పుడు ఈ వీధికి పేరు తెచ్చిన బస్రా ముత్యాలు పర్షియా సింధుశాఖలో రాళ్లకూ పగడాలకూ అంటిపెట్టుకుని బతికే ఆల్చిప్పలవి. ఇప్పుడు మీ ముందున్నవి ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి. సేటు అడిగితే దాచడు, అడగకపోతే చెప్పడు.

నవరత్నాల్లో ఏడు నేలను తవ్వితే దొరికే రాళ్లు. మిగతా రెండూ ఇవే, వెన్నెముక లేని ప్రాణుల ఒంట్లోంచి వచ్చినవి. నా మటుకు నాకు ఆ ఏడింటికన్నా ఈ రెండే గొప్ప.

బేరం కుదరక లేచి చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానా దాకా వెనక్కి వస్తారు. హకీముల వైద్యంలో పగడాన్ని కాల్చి భస్మం చేస్తే కుష్తా మర్జాన్. ముత్యాలు నూరి పాకంలో కలిపితే ఖమీరా మర్వారీద్. గుండెకు బలమని చెంచాతో తింటారు.