మిక్స్ సెట్టింగుల పునర్వినియోగం

పాటలో ఒక్కో గొంతుకీ, వాద్యానికీ ఇచ్చిన వాల్యూమ్, ఈక్యూ, కంప్రెషన్, రివర్బ్ వగైరాలను దాచిపెట్టుకుని మరో ప్రాజెక్టులో వాడుకోవడమే మిక్స్ సెట్టింగుల పునర్వినియోగం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడిది రెండు క్లిక్కుల పని. దీని వెనక యాభై ఏళ్ల కథ ఉంది. నిన్న చేసిన మిక్స్‌ను ఇవాళ మళ్లీ తెచ్చుకోవడం ఒక పని, ఒక పాట మిక్స్‌ను ఇంకో పాటకు మోసుకుపోవడం వేరే పని. మొదటిదాని కోసం పుట్టిన పరికరాలే రెండోదానికి దారి తీశాయి.

టేపు కాలం

కంప్యూటర్లు రాకముందు మిక్సింగ్ అంటే దాదాపు కచేరీయే. టేపు తిరుగుతుంటే ఇంజనీరు మిక్సింగ్ డెస్కు మీది ఫేడర్లు నడిపేవాడు. రెండు చేతులూ చాలకపోతే పక్కనున్నవాళ్లూ చెయ్యి వేసేవాళ్లు. 1975లో 10సీసీ బృందం ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’ పాట కోసం ముందే పాడి పెట్టుకున్న గొంతుల లూపులను ఫేడర్‌కో స్వరం చొప్పున పంచుకుని, డెస్కునే వాద్యంలా వాయించింది. ఇంగ్లండులోని స్టాక్‌పోర్ట్‌లో, స్ట్రాబెరీ స్టూడియోలో జరిగిన ఆ పనిని అచ్చంగా మళ్లీ చేయమంటే వాళ్లవల్లే అయ్యేది కాదు.

పాట ముగిశాక డెస్కు ఖాళీ చెయ్యాలి, మర్నాడు ఇంకొకరి సెషన్. అందుకని నాబ్‌ల బొమ్మలు అచ్చేసిన కాగితాల మీద ఏ నాబ్ ఎటు తిరిగి ఉందో పెన్సిలుతో గీసుకునేవాళ్లు. పోలరాయిడ్ ఫొటోలు తీసి పెట్టుకునేవాళ్లు. ఏ ఛానల్లో ఏముందో రాసి డెస్కుకు అంటించిన టేపు పట్టీని ఊడదీసి, టేపు పెట్టెలోనే దాచేవాళ్లు. నిర్మాత నెల తర్వాత వచ్చి “గొంతు కాస్త పెంచండి” అంటే ఆ కాగితాలే దిక్కు.

డెస్కుకు జ్ఞాపకం

1970లలో వచ్చిన తొలి ఆటోమేషన్ ఫేడర్ల కదలికలను ఆ పాట టేపు మీదే ఒక ట్రాక్‌లో సంకేతాలుగా రాసేది. మార్పు చేసిన ప్రతిసారీ పాత సంకేతాలను చదివి పక్క ట్రాక్‌లో కొత్తగా రాయాలి. అలా రాసిన ప్రతిసారీ రవ్వంత ఆలస్యం చేరేది. పదిసార్లు దిద్దితే ఫేడర్ పాట కన్నా వెనకబడేది. 1977లో నీవ్ కంపెనీ తెచ్చిన నెకామ్ ఈ సంకేతాలను కంప్యూటర్‌కు అప్పగించి, ఫేడర్లకు మోటార్లు బిగించింది. జార్జ్ మార్టిన్ నడిపిన ఎయిర్ స్టూడియోస్ దాన్ని మొదట తీసుకున్నవాటిలో ఒకటి.

ఫేడర్లు సరే, మరి నాబ్‌లు? ఆ లోటును సాలిడ్ స్టేట్ లాజిక్ పట్టుకుంది. కోలిన్ శాండర్స్ 1969లో పెట్టిన ఈ బ్రిటిష్ కంపెనీ మొదట్లో పైప్ ఆర్గన్లకు స్విచింగ్ పరికరాలు చేసేది. దాని ఎస్‌ఎల్ 4000 ఈ కన్సోల్‌కు 1980ల తొలినాళ్లలో ‘టోటల్ రీకాల్’ అన్న ఏర్పాటు తోడైంది. పేరు చూసి నాబ్‌లు వాటంతటవే తిరిగేస్తాయనుకుంటే పొరపాటు. యంత్రం గుర్తుపెట్టుకునేది, తిప్పాల్సింది మాత్రం మనిషే. అసిస్టెంటు డెస్కు ముందు కూర్చుంటే తెరమీద ఒక ఛానల్ బొమ్మ కనిపించేది. ప్రతి నాబ్‌కూ రెండు గుర్తులుండేవి, ఒకటి పాత మిక్స్‌లో ఉన్న చోటు, రెండోది ఇప్పుడున్న చోటు. రెండూ ఒకదాని మీద ఒకటి పడేదాకా తిప్పి, పక్క నాబ్‌కు వెళ్లాలి. ఒక్కో ఛానల్లో డజన్లకొద్దీ నాబ్‌లు, అలాంటి ఛానళ్లు 48. పైగా డెస్కు బయట ర్యాకులో ఉన్న కంప్రెసర్లు, రివర్బ్‌ల ఊసు ఆ యంత్రానికి తెలియదు, వాటికి మళ్లీ కాగితమే.

ఈ తలనొప్పికి కొందరు వేరే విరుగుడు కనిపెట్టారు: అసలు తిప్పకపోవడం. అమెరికన్ మిక్స్ ఇంజనీరు క్రిస్ లార్డ్-ఆల్జ్ తన ర్యాకులోని పరికరాలను ఒక్కోదాన్ని ఒక్కో పనికి కేటాయించి, సెట్టింగులు దాదాపు కదపకుండా ఉంచుతాడని పేరు. డ్రమ్స్‌కు ఇది, గొంతుకు అది, పాట ఏదైనా సరే. సాఫ్ట్‌వేర్ టెంప్లేట్ అన్న మాట వాడుకలోకి రాకముందే ఆ గదే ఒక టెంప్లేట్ అన్నమాట.

అంకెల్లోకి

నాబ్ అంకెగా మారాక కథ వేగం పుంజుకుంది. 1987లో యమహా తెచ్చిన ఎనిమిది ఛానళ్ల డీఎంపీ7 మిక్సర్ మొత్తం సెట్టింగులను మెమరీలో దాచి, ఒక్క మీటతో తిరిగి తెచ్చేది. 1995లో అదే కంపెనీ 02ఆర్ చిన్న స్టూడియోలకూ ఆ సౌకర్యం అందించింది. మరోపక్క కంప్యూటర్‌లోనే రికార్డు చేసుకునేందుకు డిజిడిజైన్ 1989లో సౌండ్ టూల్స్‌ను, 1991లో నాలుగు ట్రాకుల ప్రో టూల్స్‌ను విడుదల చేసింది. 1996లో స్టైన్‌బర్గ్ క్యూబేస్‌తోపాటు వీఎస్‌టీ పద్ధతి తెచ్చాక, ర్యాకులోని కంప్రెసర్లు, రివర్బ్‌లు ప్లగిన్లుగా కంప్యూటర్‌లోకే వచ్చేశాయి. టోటల్ రీకాల్‌కు అందని ర్యాకు ఇలా ప్రాజెక్టు ఫైల్లో భాగమైపోయింది. మిక్స్‌ను తిరిగి తెచ్చుకోవడం అన్న సమస్య దాంతో దాదాపు తీరిపోయింది, ఫైలు తెరిస్తే చాలు.

మిగిలింది మోసుకుపోవడం. మొదట్లో అందరూ చేసింది నాటు పద్ధతే: పాత ప్రాజెక్టును ‘సేవ్ యాజ్’ కొట్టి, ఆడియో తీసేసి, కొత్త పాట నింపడం. ఇప్పటికీ చాలామంది అదే చేస్తారు, తప్పేమీ లేదు. కాకపోతే పాత పాట ఆటోమేషన్ ఎక్కడో దాగి ఉండి, రెండో చరణంలో గొంతు ఉన్నట్టుండి తగ్గిపోతే కారణం వెతకడానికి ఓ పూట పడుతుంది.

ప్రో టూల్స్‌లోని ‘ఇంపోర్ట్ సెషన్ డేటా’ దీనికి శుభ్రమైన దారి చూపింది. పాత సెషన్‌లోంచి ఏ ట్రాక్ కావాలో ఎంచుకుని, ప్లగిన్లు, సెండ్లు మాత్రం తెచ్చి, ఆడియోను, ఆటోమేషన్‌ను అక్కడే వదిలేయవచ్చు. 2006లో ఏబుల్టన్ లైవ్ 6 ప్లగిన్ల గొలుసును ‘ర్యాక్’ అనే ఒకే మూటగా కట్టింది. 2013 నాటి లాజిక్ ప్రో ఎక్స్‌లో ‘ప్యాచ్’, 2018లో ప్రో టూల్స్ ‘ట్రాక్ ప్రీసెట్’ ఇదే బాటలో వచ్చాయి. విన్‌యాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ చేసిన రీపర్ ఇంకో అడుగు వేసింది. దాని ప్రాజెక్టు ఫైలూ, ట్రాక్ టెంప్లేటూ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్రాక్ పేరు, వాల్యూమ్ అంకె కంటికి కనిపిస్తాయి.

ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

పాత సెట్టింగు కొత్త పాటలో ఎందుకు బెడిసికొడుతుందో ఒక్క కంప్రెసర్‌తో తేలిపోతుంది. థ్రెషోల్డ్ మైనస్ 20 డీబీ, నిష్పత్తి 4:1 అనుకుందాం. గాయని గొంతు మైనస్ 12ను తాకినప్పుడు థ్రెషోల్డ్ పైన 8 డీబీ ఉంటే బయటికి వచ్చేది 2, అంటే 6 డీబీ అణిగింది. పాట హాయిగా ఉంది. వచ్చే ప్రాజెక్టులో ఇంకో గాయకుణ్ని మైనస్ 6 దాకా రికార్డు చేశారు. థ్రెషోల్డ్ పైన ఇప్పుడు 14 డీబీ, బయటికి వచ్చేది 3.5. అణిగింది 10.5 డీబీ. నాబ్ ఒక్కటీ కదల్లేదు, గొంతు మాత్రం పీక నొక్కినట్టయింది. అందుకే అనుభవమున్నవాళ్లు టెంప్లేట్‌లోకి ఆడియో వేయగానే ముందు లెవెల్ సరిచూస్తారు. డిలే కూడా అంతే. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటు 500 మిల్లీసెకన్లు, 100 బీట్ల పాటలో 600. మిల్లీసెకన్లలో దాచిన డిలే తాళం తప్పుతుంది, టెంపోకు ముడివేసి దాచినది తప్పదు.

కాబట్టి ఎక్కువ కాలం పనికొచ్చేది అంకెలు కాదు, దారులు: ఏ ట్రాక్ ఏ బస్‌లోకి వెళ్లాలి, ఏ రివర్బ్‌కు సెండ్ ఉండాలి, రంగులూ పేర్లూ ఏమిటి అన్నవి. అంకెలు సైతం యథాతథంగా నిలిచే సందర్భం ఒకటుంది. ఒకే ఆల్బమ్‌కు, ఒకే గదిలో, అదే డ్రమ్ సెట్టు, అవే మైకులతో రికార్డయిన పాటలకు మొదటి పాట డ్రమ్ మిక్స్ మిగతావాటికి ముప్పాతిక వంతు సరిపోతుంది.

తెలుగు సినిమాకు బాగా దగ్గరైన సందర్భం బహుభాషా విడుదల. ‘ఆర్ఆర్ఆర్’ పాటలు తెలుగు, తమిళ, హిందీ, కన్నడ, మలయాళ భాషల్లో వచ్చాయి. ఇలాంటి చోట వాద్యాల పని ఒకటే, మారేది గొంతు. కానీ గొంతు ట్రాక్ సెట్టింగును అలాగే వాడితే సరిపోదు. ఒక భాషలో ‘స’, ‘ష’ ఎక్కువ పడిన చోట ఇంకో భాషలో పడవు, అందుకని ఆ శబ్దాల కరుకును తగ్గించే డీఎస్సర్‌ను ప్రతి భాషకూ మళ్లీ సరిచూడాల్సిందే. పైగా అన్ని భాషల్లోనూ గాయకులు వాళ్లే ఉండరు.

పాత ఫైళ్లు

సాఫ్ట్‌వేర్ జ్ఞాపకానికీ ఆయుష్షు ఉంది. 2013లో ప్రో టూల్స్ 11 పాత ఆర్‌టాస్, టీడీఎం ప్లగిన్లను వదిలేసి 64 బిట్ ఏఏఎక్స్‌కు మారింది. 2019లో మ్యాక్ కెటలీనా 32 బిట్ ప్రోగ్రాములన్నిటికీ తలుపు మూసింది. అప్పటి సెషన్లు తెరిస్తే ట్రాకులు ఉంటాయి, ప్లగిన్ల చోట ఖాళీ గళ్లు. ముందుచూపున్న ఇంజనీర్లు అందుకే ప్రతి ట్రాక్‌ను ఎఫెక్టులతో సహా ఆడియోగా ముద్రించి పెట్టుకుంటారు. ప్లగిన్ పోయినా, దానితో వచ్చిన ధ్వని మిగులుతుంది. టేపు కాలం నాటి పోలరాయిడ్‌కు ఇది డిజిటల్ మనవరాలు.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మిక్స్ మార్చడం చాలాకాలం దాదాపు అసాధ్యంగానే ఉండేది. ఓఎంఎఫ్, ఏఏఎఫ్ ఫైళ్లు ఆడియో ముక్కలను, వాటి చోట్లను తీసుకెళ్లేవి కానీ ప్లగిన్ సెట్టింగులను కాదు. 2023లో బిట్‌విగ్, ప్రిసోనస్ కలిసి ‘డాప్రాజెక్ట్’ అనే బహిరంగ ఫార్మాట్‌ను విడుదల చేశాయి. తర్వాత క్యూబేస్ 14 కూడా దాన్ని స్వీకరించింది. అందులో వాల్యూమ్, పాన్, సెండ్లతోపాటు వీఎస్‌టీ వంటి ప్లగిన్ల స్థితి కూడా ప్రయాణిస్తుంది. అవతలి కంప్యూటర్‌లో అదే ప్లగిన్ ఉంటేనే అది తెరుచుకుంటుంది.