పెరట్లో పేరు తెలియని చెట్టు

ముందే ఒప్పుకుంటాను. ఆ చెట్టును కొట్టెయ్యమన్నది నేనే.

2023 జూన్‌లో మా వారి ఉద్యోగం తాడ్వాయి మండలానికి మారింది. మాది హన్మకొండ. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు కాబట్టి, ఇక్కడ ఇద్దరమే కదా అని మేడారంలో ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాం. ఇక్కడ మనలాంటివాళ్ళు స్థలం కొనుక్కోవడానికి లేదు. ఏజెన్సీ ప్రాంతం. అందరూ 1/70 అని పిలుచుకునే 1970 నాటి రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదు. ఇంటివాళ్ళు కోయవాళ్ళు. పెద్దావిడ పోయాక కొడుకు ములుగులో ఉంటున్నాడట. నన్ను "అక్కా" అంటాడు, నేను "తమ్ముడూ" అంటాను.

ఇంటి వెనక పెద్ద పెరడు. అందులో ఒక వేప, రెండు సీతాఫలాలు, ఒక మూల ఈ చెట్టు. వచ్చినప్పుడు ఆకులతో నిండుగానే ఉంది. చేతివేళ్ళలా చీలిన పెద్ద ఆకులు. ఏం చెట్టని నేనూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. దాని కిందే బోళ్ళు తోముకునేదాన్ని.

దసరా పోయింది, చలి వచ్చింది. సంక్రాంతి నాటికి చెట్టు మీద ఒక్క ఆకు లేదు. వేప పచ్చగానే ఉంది, ఇది మాత్రం మోడు. ఎండిపోయిందనుకున్నాను. జనవరి ఆఖర్లో తమ్ముడు వచ్చి, "జాతరకు పెరట్ల టెంట్లు ఏస్తరక్కా, జాగ సాలదు, ఆ మూల చెట్టు తీసేద్దమా?" అన్నాడు. ఆ సారి జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. రెండేళ్ళకోసారి వచ్చే ఆ నాలుగు రోజులూ ఈ ఊళ్ళో అడుగు స్థలం కూడా విలువైనదే. "ఎండిందేగా, కొట్టెయ్" అన్నాను.

గొడ్డలితో నాలుగు దెబ్బలు వేశాడు. అంతలో ఫోనొచ్చింది, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. మర్నాడు పొద్దున బోళ్ళు తోమడానికి వెళ్తే, దెబ్బ తగిలిన చోట బంక ఉబికి ముత్యాల్లా నిలబడి ఉంది. ఎండిన చెట్టుకు బంకెక్కడిది? చెయ్యి పెట్టి చూశాను, తడి తడిగా అంటుకుంది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయానంటే మా వారు నవ్వారు గానీ, నిజం.

తమ్ముడికి ఫోన్ చేసి ఆగమన్నాను. రెండు వారాలకు కొమ్మల చివర మొగ్గలు, తర్వాత పూలు. ఆకే లేని కొమ్మల మీద అరచేయంత పసుప్పచ్చని పూలు! మధ్యలో కేసరాలు గుత్తిగా. ఎండలో చూస్తే కళ్ళు జిగేలుమన్నాయి.

ఇక అందరినీ అడగడం మొదలుపెట్టాను. పక్కింటావిడ బూరుగన్నది. కాదు, బూరుగు నాకు తెలుసు. ఒంటి నిండా ముళ్ళు, పూలు ఎరుపు. మా వారు ఫోన్లో ఫోటో పెడితే ‘బటర్‌కప్ ట్రీ’ అని వచ్చింది. అది విని నాకేం చేసుకోను? కిరాణా కొట్టతను "గోగు కదమ్మా" అన్నాడు. మా వైపు గోగుపూలంటే మోదుగు పూలే, హోలీకి ఉడకబెట్టి రంగు తీసేవి. అవి నారింజ రంగులో, చిలక ముక్కుల్లా వంకరగా ఉంటాయి. ఇవెక్కడ, అవెక్కడ? అతనికేం తెలుసులే అనుకుని వచ్చేశాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ఆ మాత్రం గర్వం.

జాతర బుధవారం. మా పెరట్లో మూడు టెంట్లు పడ్డాయి. ఒక టెంటులో కొత్తగూడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళతో ఒక ముసలావిడ. దిగీ దిగగానే చెట్టు దగ్గరికి వెళ్ళి గొడ్డలి గాయం తడిమింది.

"కొండగోగు గదా బిడ్డా. గిట్లెవలు కొట్టిండ్రు?"

నేనేనని చెప్పలేక, "ఎండిందనుకున్నాం పెద్దమ్మా" అన్నాను.

"ఎండుడేంది! గిది ఆకు రాల్చినంకనే పూస్తది. చిన్నగ గాటు పెట్టాలె, బంక కార్తది. గిట్ల నరికితె ఏమొస్తది?" అన్నది. పడుచుతనంలో అడవిలో తపసి బంకతో పాటు ఈ బంక కూడా ఏరి అమ్మేదట. కొండగోగు బంకకు అంత బేరం ఉందని నాకప్పటిదాకా తెలియదు. నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది, మందుల్లోనూ తినుబండారాల్లోనూ చిక్కదనానికి వాడతారు. ఉత్తరాదిలో కతీరా పేరుతో అమ్మేవాటిలో ఇదీ ఒకటి. అడవిలో ఏరిన సరుకును షావుకార్లు కారుచౌకగా కొట్టేస్తున్నారనే 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. బంక, చింతపండు, ఇప్పపువ్వు, కుంకుడు, అన్నీ అదే కొనేది.

మర్నాడు గురువారం, సమ్మక్క తల్లి చిలకలగుట్ట దిగే రోజు. పొద్దున్నే ముసలావిడ రాలిన పూలు నాలుగు ఏరి, తల్లికి తెచ్చిన బంగారం, అంటే బెల్లం బుట్టలో పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం చెట్టు కిందే కూర్చుని మనవలకు తల్లి కథ చెప్పింది. మీకందరికీ తెలిసిందే. ప్రతాపరుద్రుడు కప్పం అడగడం, కరువు, యుద్ధం, జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణం విడిస్తే అది జంపన్నవాగు కావడం. గాయాలతో చిలకలగుట్ట వైపు వెళ్ళిన సమ్మక్క మాయం కావడం, వెతుక్కుంటూ పోయినవాళ్ళకు నాగవృక్షం నీడన పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరకడం.

ఎన్నిసార్లు విన్నానో ఈ కథ. ఆ రోజే మొదటిసారి చెట్ల మీదికి దృష్టి పోయింది. వాగు పేరులో సంపెంగ, భరిణె దొరికింది నాగవృక్షం కింద. మా టెంట్లలోని కాలేజీ పిల్ల ఒకతి, "నాగలింగం చెట్టేమో ఆంటీ" అంది. గుళ్ళలో చూసే ఉంటారు, పాము పడగ కింద శివలింగంలా ఉండే పువ్వు, మొదలంతా ఫిరంగి గుండ్లలాంటి కాయలు. అది మాత్రం కాదు. నాగలింగం పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 1775లో దానికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా అక్కడి ఫ్రెంచి గయానా అడవుల్లో తిరిగిన ఓబ్లే అనే ఫ్రెంచాయన. కాకతీయుల రాజ్యం 1323లోనే ముగిసింది. కొలంబస్ ఆ ఖండాల వైపు ఓడ ఎక్కింది 1492లో. మనం ఎంత భక్తితో పేరు పెట్టుకున్నా, ప్రతాపరుద్రుడి కాలంలో ఆ చెట్టు ఇక్కడ ఉండే వీల్లేదు. నాగకేసరం, నాగమల్లి అంటూ మనకు నాగ పేరుతో చాలానే ఉన్నాయి. పుట్ట పక్కనున్న చెట్టుకు నాగవృక్షమన్న పేరు రావడంలోనూ వింత లేదు.

జాతరయ్యాక, తల్లులు వనప్రవేశం చేసి ఊరు ఖాళీ అయ్యాక, రాత్రిళ్ళు కొండగోగు గురించి చదువుకుంటూ కూర్చున్నాను. ముందు సిగ్గుపడాల్సింది కిరాణా కొట్టతని విషయంలో. అతను సరిగ్గానే చెప్పాడు. గోగు అంటే గోంగూర జాతి మొక్క, నార తీసేది. గోగు, కూర కలిసే గోంగూర అయింది. ఈ సంధి మేం క్లాసులో చదివినదే! వేళ్ళలా చీలిన ఆకు, పసుపు పువ్వు గోగును పోలి ఉన్నాయి, పెరిగేది కొండ మీద. అందుకే కొండగోగు. కొండమామిడి, అడవిమల్లె లాగానే ఊరి మొక్క పేరు అడవి చెట్టుకు పెట్టారు. మోదుగును గోగన్న అలవాటు నాది. తప్పు అతనిదని తేల్చేశాను.

స్వీడన్‌లో కూర్చున్న లిన్నేయస్ 1753లో దీన్ని బూరుగు జాతిలో చేర్చి ‘బాంబాక్స్ రిలిజియోసమ్’ అన్నాడు. పక్కింటావిడ కూడా బూరుగే అన్నది కదా, పెద్ద పొరపాటేం కాదన్నమాట. తర్వాతివాళ్ళు జాతి మార్చి కాక్లోస్పెర్మమ్ అన్నారు, గింజ నత్తగుల్లలా వంకర తిరిగి ఉంటుంది కాబట్టి. రిలిజియోసమ్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ పూలను దేవుళ్ళకు పెడతారు కాబట్టి ఆ పేరట. అది చదివినప్పుడు బెల్లం బుట్టలో నాలుగు పూలు కళ్ళ ముందు కదిలాయి.

మన చెట్ల పేర్లు అడిగి రాసుకున్న దొర ఇంకొకడున్నాడు, విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ వైద్యుడు, కంపెనీ ఉద్యోగి. 1781లో సామర్లకోట చేరి అక్కడ తోట పెంచాడు. 1793లో కలకత్తా వెళ్ళేదాకా ఈ తీరంలోనే ఉండి, మొక్కల బొమ్మలు ఇక్కడి చిత్రకారులతో వేయించి, పక్కన తెలుగు పేర్లు రాయించుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి మూడు సంపుటాలుగా వచ్చిన ఆ పుస్తకంలో 300 బొమ్మలు. మన సోమిద చెట్టు బెరడు జ్వరాలకు సింకోనాకు బదులుగా పనికొస్తుందని చెప్పిందీ ఆయనే. ఆ సోమిదే తర్వాత ‘సాయ్‌మిడా’ అనే లాటిన్ పేరయి కూర్చుంది. దొర పేరు పుస్తకం మీద ఉంది, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు లేవు. చెట్టు పేరు చెప్పినవాళ్ళవి ఎవరు రాస్తారు? నేను కూడా ఆ ముసలావిడ పేరు అడగలేదు. మూడు రోజులు "పెద్దమ్మా, పెద్దమ్మా" అనుకుంటూ ఆమెకు టీ పోశాను.

తమ్ముడు మార్చిలో అద్దె కోసం వచ్చినప్పుడు చెప్పాను. "మా అమ్మకు తెల్సుండె అక్కా, నాకు జెప్పలె" అన్నాడు. కాసేపాగి, "నేనడగలె" అన్నాడు. గాయం చుట్టూ గట్టిపడిన బంక గిల్లి జేబులో వేసుకుని వెళ్ళాడు.

ఎండలు ముదిరాక కాయలు పగిలి మెత్తటి దూది బయటికొచ్చింది. పట్టులా జారిపోతుంది. దీన్ని దిండ్లలో కూరతారట. ఆరేసిన చీరల మీద, వంటింటి కిటికీలో, ఆఖరికి చారులో కూడా అదే. మా వారు విసుక్కున్నారు. గింజ ఒకటి తీసి చూపించాను, నిజంగానే నత్తగుల్లలా ఉంది. రెండు వారాల పాటు ఏరితే చిన్న దిండుకు సరిపడా అయింది. గలీబు కుట్టాలి, కొలత ఇంకా తీయలేదు.